విన్‌రార్‌ను ఎవరు అప్‌డేట్ చేస్తారు?

పట్టాలు అందుకున్న మీకూ, హరిశ్చంద్రపురం చుట్టుపక్కల ఊళ్ల నుంచి పొద్దున్నే బయల్దేరి వచ్చిన మీ అమ్మానాన్నలకూ నమస్కారం.

2017 మే 12న వన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ ప్రపంచమంతటా కంప్యూటర్లకు తాళాలేసి డబ్బులడిగింది. మన రాష్ట్రంలో 18 పోలీసు యూనిట్లకు తగిలింది. ఆ యూనిట్లున్న జిల్లాల్లో శ్రీకాకుళం కూడా ఉంది. అది దూరిన విండోస్ కన్నాన్ని పూడ్చే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ మార్చి 14నే ఇచ్చేసింది!

విండోస్ సంగతి ఇప్పుడు కాస్త నయం. నా దిగులంతా దాని పక్కన చేరిన ప్రోగ్రాముల గురించే. టెక్కలిలో జిరాక్సు షాపుకో, కాశీబుగ్గలో జీడిపప్పు వ్యాపారి దగ్గరికో వెళ్లి చూడండి, కంప్యూటర్‌లో ఫైళ్లను కుదించి, విప్పే విన్‌రార్ కనిపించే అవకాశమే ఎక్కువ. 40 రోజుల ట్రయల్ అయిపోయిందని అది ఏళ్లుగా మొత్తుకుంటూనే ఉంటుంది. అక్కడి కుర్రాడు చదవకుండానే ఆ పెట్టె మూసేస్తాడు.

2019 ఫిబ్రవరిలో చెక్ పాయింట్ అనే భద్రతా సంస్థ పరిశోధకులు అందులో 19 ఏళ్లుగా ఉన్న లోపాన్ని బయటపెట్టారు. ఏస్ అనే పాతరకం ఫైలుకు రార్ అని పేరు మార్చి పంపితే చాలు. విప్పగానే లోపలి ప్రోగ్రాం మీరు చెప్పిన చోటికి కాక స్టార్టప్ ఫోల్డర్‌లోకి దూరుతుంది. మర్నాడు సిస్టమ్ ఆన్ చెయ్యగానే తనంతట తనే నడుస్తుంది. తమాషా ఏమిటంటే, ఆ ముక్క విన్‌రార్ వాళ్లు రాసింది కాదు, బయటివాళ్ల డీఎల్‌ఎల్. 2005 తర్వాత దాన్ని ముట్టినవాళ్లు లేరు, సోర్స్ కోడ్ వీళ్ల చేతిలో లేదు. బాగుచెయ్యలేక 5.70లో ఏస్‌నే పీకేశారు. 2025 జులైలో వచ్చిన 7.13 వెర్షన్ కూడా ఇలా ఫైలు వేరేచోట దూరే లోపాన్ని పూడ్చడానికే. అయితే విన్‌రార్ తనంతట తాను అప్‌డేట్ కాదు. ఎవరో ఒకరు కొత్తది దించుకుని వెయ్యాలి.

ఆ ఒకరు రేపు మీరే. కోడ్ రాయిస్తారనుకుని ఉద్యోగానికి వెళ్తారు, చాలామందికి ముందు దక్కేది ఈ పనే. చిన్నపని అనుకోకండి. ఏ మిషన్‌లో ఏముందో, ఏ వెర్షనో రాసిపెట్టుకోండి. అక్కర్లేనివి తీసేయండి. 2020 డిసెంబర్ 31తో అడోబ్ వదిలేసిన ఫ్లాష్ ప్లేయర్ కనబడితే రెండో ఆలోచన వద్దు. "అప్‌డేట్ వేస్తే బిల్లింగ్ ఆగిపోతుంది బాబూ" అని యజమాని అంటాడు. ఆయన భయం న్యాయమైనదే. బ్యాకప్ తీసి, ముందు ఒక్క సిస్టమ్‌లో వేసి చూపించండి. క్రాక్ కాపీ అయితే మాత్రం వేరే దారి లేదు, కొనమనండి.

సాయంత్రం ఇంటికెళ్లాక విన్‌రార్ తెరిచి, హెల్ప్ మెనూలో అబౌట్ నొక్కండి. 7.13 కంటే పాతదైతే వాళ్ల సొంత సైటు నుంచే కొత్తది దించుకోండి.