ప్లాస్టిక్‌లో కరెంటు - పడుగు చెప్పే పాఠం

(నరసరావుపేట సమావేశంలో చేసిన ప్రసంగం)



నా సర్వీసంతా కరెంటు లైన్లమీదే గడిచింది. ప్లాస్టిక్‌లో కరెంటు పారదన్న నమ్మకమే మా ప్రాణాలు కాపాడింది. వైరు తొడుగు విషయంలో అది నేటికీ నిజమే. కాని కరెంటు పారే ప్లాస్టిక్‌ను కనుగొన్నందుకు 2000లో హీగర్, మెక్‌డయార్మిడ్, షిరకావాలకు నోబెల్ బహుమతి వచ్చింది.

ఆ జాతి అర్ధవాహక పాలిమర్లను ద్రావణంగా కరిగించి పలుచని పొరగా పూస్తారు. కరెంటు అణుగొలుసు వెంట సులువుగా పోతుంది; గొలుసులు చిక్కుపడితే మందగిస్తుంది. అందుకే పలక అంచుతో ఒకే దిక్కుకు లాగుతూ పూస్తారు. లాగే వేగానికి, ఆరే వేగానికి పొత్తు కుదరాలి.

మంగళగిరి నేతవారు గంజిపెట్టిన పడుగును కుంచెతో దువ్వి పోగులు సరిచేయడం చూశాం గదా! మనుమలు ఈ చదువు చదువుతుంటే "మాకేం తెలుసు" అనకండి. పడుగు సంగతి చెప్పండి. సెలవు.