బైకు ప్రమాదంలో దెబ్బ తగిలిందా? రాజీ కాగితం మీద సంతకం పెట్టే ముందు ఉచిత న్యాయ సహాయం అడగండి

నేను న్యాయ సేవాధికార సంస్థ ప్యానెల్‌లో పనిచేసే లాయరును. బందరు, గుడివాడ, దివిసీమ గ్రామాల్లో న్యాయ విజ్ఞాన సదస్సులు పెట్టినప్పుడు చెప్పే మాటలే ఇవి. సదస్సుకు రాలేకపోయినవాళ్ల కోసం ఫోనులో పంపుతున్నాం. చదవడం రాని పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే పిల్లల చేత చదివించి వినిపించండి.

ముందు ఒక సంగతి చెబుతాను. దివిసీమలో రొయ్యల చెరువు మీద కాపలా ఉండే ఒకాయన, రాత్రిపూట పని ముగించుకుని బండి మీద ఇంటికి వస్తున్నాడు. దారిలో ట్రాక్టరు ఒకటి ధాన్యం బస్తాలతో రోడ్డు మీదే ఆపి ఉంది. వెనక లైటు లేదు, కనీసం ఒక రాయి కూడా అడ్డం పెట్టలేదు. దగ్గరకొచ్చేదాకా కనపడలేదు. కాలు రెండుచోట్ల విరిగింది. మర్నాడు ట్రాక్టరు యజమాని నలుగురు పెద్దమనుషుల్ని వెంటబెట్టుకుని ఆసుపత్రికి వచ్చాడు. "ఒక ఊరి వాళ్లం, కేసులెందుకు" అన్నారు. పదిహేను వేలు చేతిలో పెట్టారు. ఇకమీదట నాకు ఏ అభ్యంతరమూ లేదు అని తెల్లకాగితం మీద రాయించి వేలిముద్ర వేయించుకున్నారు. ఆసుపత్రిలో డాక్టరుగారు ఏం జరిగిందని అడిగితే, పెద్దమనుషులు చెప్పినట్టే ఆయన భార్య "బండి జారి పడ్డారండీ" అంది.

ఏడు నెలల తర్వాత ఆయన చేతికర్రతో మా దగ్గరకు వచ్చాడు. పదిహేను వేలు మొదటి పది రోజులకే అయిపోయాయి. చెరువు గట్టు మీద నడవలేడు కాబట్టి పని పోయింది. కాగితాలు చూస్తే కేస్ షీటులో ట్రాక్టరు మాటే లేదు. స్టేషన్‌లో ఎఫ్ఐఆర్ లేదు. ఆ ట్రాక్టరు కూడా చేతులు మారింది. కేసు వేశాం, కాదనను. కానీ మొదటి వారంలో వచ్చి ఉంటే గంటలో తేలే విషయాల కోసం ఇప్పటికీ వాదించుకుంటున్నాం.

అందుకే ఆ మొదటి రోజుల గురించే ఎక్కువ చెబుతాను.

ఆసుపత్రిలో నిజం చెప్పండి. ఇది అన్నిటికంటే ముఖ్యం. పోలీసు కేసంటే భయపడి కొందరు, రోడ్డు ప్రమాదమంటే ఉచిత వైద్యం చెయ్యరేమోనని ఇంకొందరు "మెట్ల మీద పడ్డాడు", "జారి పడ్డాడు" అని రాయిస్తారు. తర్వాత ఇన్సూరెన్స్ కంపెనీ లాయరు కోర్టులో ముందు చూపించే కాగితం అదే. ఏ వాహనం గుద్దింది, ఎక్కడ, ఎన్ని గంటలకు అన్నది చెప్పి, ఎంఎల్‌సీగా రాయమనండి. అలా రాస్తే ఆసుపత్రి నుంచి పోలీస్ స్టేషన్‌కు సమాచారం వెళుతుంది. వైద్యం ఆగిపోతుందన్న భయం అక్కర్లేదు. 2025 మే 5న కేంద్ర ప్రభుత్వం తెచ్చిన పథకం ప్రకారం, రోడ్డు ప్రమాదంలో గాయపడినవారికి గుర్తించిన ఆసుపత్రుల్లో ప్రమాదం జరిగిన రోజు నుంచి 7 రోజుల వరకు, 1,50,000 రూపాయల దాకా నగదు కట్టకుండా వైద్యం చెయ్యాలి. దానికి 112కు ఫోను చెయ్యండి. ఆ తర్వాత వైద్యానికి ఎన్టీఆర్ వైద్య సేవ వర్తిస్తుందేమో ఆసుపత్రిలోని ఆ కౌంటరులో అడగండి. మిమ్మల్ని ఆసుపత్రికి చేర్చిన మనిషి సాయం చేసినవాడే, అతన్ని కేసులో ఇరికించకూడదని చట్టమే చెబుతోంది. అతని పేరు, ఫోను నంబరు అడిగి రాసిపెట్టుకోండి. రేపు మీకు సాక్షి అతనే కావచ్చు.

ఇక పోలీస్ స్టేషన్. మీరు మంచం మీద ఉంటే ఇంట్లోవాళ్లు వెళ్లి ఫిర్యాదు ఇవ్వొచ్చు. ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి. స్టేషన్‌లో తీసుకోకపోతే బందరులో ఉన్న జిల్లా ఎస్పీగారికి పోస్టులో పంపండి, రసీదు దాచుకోండి. 2022 నుంచి అమల్లో ఉన్న కేంద్ర నిబంధనల ప్రకారం, దర్యాప్తు చేసే అధికారి బాధితుడి హక్కులు వివరించే ఫారం-2 మీకు ఇవ్వాలి. చాలామందికి ఈ సంగతి తెలియదు. "ఫారం-2 ఇప్పించండి సార్" అని అడగండి. పోలీసులు మూడు నెలల్లో ప్రమాద నివేదికను మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌కు పంపాలి. ఆ నివేదికనే ట్రిబ్యునల్ మీ క్లెయిమ్ దరఖాస్తుగా తీసుకునే వీలుంది. అయినా దాన్నే నమ్ముకుని కూర్చోకండి, మీ దరఖాస్తు మీరు వేసుకోవడం మేలు.

ఎఫ్ఐఆర్ ఆలస్యమైతే అంతా పోయినట్టేనా? కాదు. ఇంట్లో మనిషి ప్రాణాపాయంలో ఉంటే ముందు ఆసుపత్రికే పరిగెత్తుతారు గానీ స్టేషన్‌కు కాదు కదా. ఆలస్యమొక్కటే కారణంగా నిజమైన క్లెయిమును కొట్టెయ్యకూడదని 2011లో సుప్రీంకోర్టు చెప్పింది. రాజీ కాగితం రాసిచ్చినా హక్కు మొత్తం పోయిందని మీరే అనుకుని ఊరుకోకండి. వచ్చి అడగండి.

గడువు మాత్రం గుర్తుపెట్టుకోండి. 1988 మోటారు వాహనాల చట్టానికి చేసిన సవరణ 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం ప్రమాదం జరిగిన రోజు నుంచి 6 నెలల్లోపు క్లెయిమ్ వెయ్యాలి. ఈ గడువు మీద సుప్రీంకోర్టు దాకా గొడవ వెళ్లింది, నిజమే. ఆ గొడవ ఎటు తేలినా మీరు 6 నెలల్లోపే వేస్తే మీకు ఏ చిక్కూ లేదు. ఇంకోటి, ప్రమాదం విజయవాడలో జరిగినా హైదరాబాదులో జరిగినా, మీరు నివాసముండే చోటి ట్రిబ్యునల్‌లోనే వేసుకోవచ్చు. నాగాయలంక మనిషి కేసు కోసం హైదరాబాదు తిరగక్కర్లేదు.

"లాయరుకు ఇవ్వడానికి డబ్బులేవండీ?" అని ప్రతి సదస్సులో అడుగుతారు. 1987 న్యాయ సేవాధికార సంస్థల చట్టం ఉన్నదే దానికోసం. మహిళలు, పిల్లలు, ఎస్సీ, ఎస్టీలు, దివ్యాంగులు, ఫ్యాక్టరీ కార్మికులు, వీళ్లకు ఆదాయంతో పని లేదు. మిగతావాళ్లకు మన రాష్ట్రంలో ఏడాదికి 3,00,000 రూపాయల లోపు ఆదాయం ఉండాలి. ప్రమాదంలో కాలో చెయ్యో పోయినవారు దివ్యాంగుల కిందకు కూడా రావచ్చు. ప్యానెల్ లాయరును సంస్థే ఇస్తుంది, కోర్టు ఫీజు, కాగితాల ఖర్చు సంస్థే భరిస్తుంది. ప్యానెల్ లాయరు మిమ్మల్ని ఒక్క రూపాయి అడిగినా సంస్థ కార్యదర్శిగారికి చెప్పండి. ఆయన జడ్జిగారే. నా మీదైనా సరే, మొహమాటపడకండి.

జిల్లా న్యాయ సేవాధికార సంస్థ బందరులో జిల్లా కోర్టు ఆవరణలోనే ఉంది. గుడివాడ, అవనిగడ్డ కోర్టుల్లో మండల న్యాయ సేవా కమిటీలున్నాయి. కోడూరు, నాగాయలంక, ఎదురుమొండి వాళ్లు బందరు దాకా రానక్కర్లేదు, అవనిగడ్డలో ఇస్తే చాలు. తెల్లకాగితం మీద తెలుగులో నాలుగు ముక్కలు రాసి ఇవ్వండి. రాయడం రాకపోతే అక్కడున్న పారా లీగల్ వాలంటీరు రాసిపెడతారు. ఫోనులో అయితే 15100, డబ్బు పడదు.

ఇక ఎంత అడగొచ్చు అన్న మాట. మందుల బిల్లులు మాత్రమే ఇస్తారని చాలామంది అనుకుంటారు. వైద్యం ఉచితంగా జరిగింది కదా, ఇంకేం అడుగుతాం అని మరికొందరు. పని చెయ్యలేకపోయిన నెలల కూలి, ఆసుపత్రికి తిరిగిన కార్ల ఆటోల ఖర్చు, మీ దగ్గర ఉండి చూసుకున్న మనిషి శ్రమ, పడిన నొప్పి, ముందు ముందు చేయించుకోవాల్సిన ఆపరేషను, అన్నిటికంటే పెద్దది ఇకమీదట తగ్గిపోయే సంపాదన. ఇవన్నీ అడగొచ్చు.

ఆ చివరిదాని గురించి 2010లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఒకటుంది, రాజ్‌కుమార్ కేసు అంటారు. డాక్టరు ఎంత శాతం వైకల్యం అని రాస్తే సంపాదన కూడా అంతే శాతం తగ్గిందని లెక్క కట్టకూడదు, ఆ మనిషి చేసే పనిని చూడాలి అన్నారు. ఎడమ చెయ్యి పోతే గుమస్తా ఉద్యోగం చేసుకోగలడేమో గానీ, డ్రైవరుకో వడ్రంగికో బతుకుతెరువు మొత్తం పోయినట్టే అని ఉదాహరణ చెప్పారు. మన దగ్గర చూడండి. చిలకలపూడిలో రోల్డ్‌గోల్డ్ పని చేసే అమ్మాయికి బొటనవేలు వంగకపోతే డాక్టరు కాగితంలో శాతం చిన్నదే ఉంటుంది. కానీ రాళ్లు పొదిగే పని ఆ వేలితోనే కదా. పెడనలో కలంకారీ అచ్చు వేసే అతనికి భుజం పైకి లేవకపోతే రోజంతా అచ్చు కొట్టగలడా? వల లాగే మనిషికి మణికట్టు పట్టు తప్పితే? మీరు చేసే పని ఏమిటో, అందులో ఏ వేలు, ఏ కీలు ఎలా వాడతారో మీ లాయరుకు విడమర్చి చెప్పండి. మాకు అన్ని పనులూ తెలియవు. నేనూ ఇవన్నీ కక్షిదారుల దగ్గర నేర్చుకున్నవే. సదరం సర్టిఫికెట్టు పెన్షనుకు పనికొస్తుంది, కోర్టులో కూడా పెట్టండి. అయితే వైద్యం చేసిన డాక్టరుగారు వచ్చి సాక్ష్యం చెప్పాల్సి రావచ్చు, కాబట్టి డిశ్చార్జి సమ్మరీ, ఎక్స్‌రేలు పారెయ్యకండి. ఎక్స్‌రే ఫిల్ములు బీరువా మీద ఎండకి పెట్టి పాడుచేసుకున్నవాళ్లున్నారు.

సంపాదనకు కాగితం లేదని వెనకాడకండి. కూలికి పే స్లిప్పు ఎవరిస్తారు? కర్ణాటకలో ఒక కూరగాయల వ్యాపారి కేసులో 2014లో సుప్రీంకోర్టు, అలాంటి మనిషి దగ్గర ఆదాయం కాగితాలు ఆశించడం సబబు కాదని, కాగితం లేకుండానే నెలకు 6,500 రూపాయలుగా లెక్క కట్టింది. అది 2008 నాటి ప్రమాదం. మేస్త్రీ చేత గానీ చెరువు యజమాని చేత గానీ ఒక మాట చెప్పించగలిగితే ఇంకా మంచిది.

గుద్దిన బండి ఆగకుండా వెళ్లిపోతే? కత్తిపూడి–ఒంగోలు హైవే మీద చల్లపల్లి, మోపిదేవి వైపు రాత్రిళ్లు ఇది ఎక్కువ వింటాం. నంబరు తెలియని బండి గుద్దితే తీవ్ర గాయానికి 50,000, చనిపోతే 2,00,000 రూపాయలు ఇస్తారు. దీనికి కోర్టు కాదు, ఆర్డీవో లేదా తహసీల్దారు దగ్గర దరఖాస్తు చెయ్యాలి, మంజూరు చేసేది కలెక్టరుగారు. నంబరు తెలిసిన బండికి ఈ దారి కాదు. తప్పెవరిదని రుజువు చెయ్యకుండానే తీవ్ర గాయానికి 2,50,000 అడిగే సెక్షన్ 164 కూడా ఉంది. అది చిన్న దారి. త్వరగా వస్తుందని అటు వెళితే పెద్ద క్లెయిమ్ వదులుకోవాల్సి రావచ్చు. లాయరుతో కూర్చుని తేల్చుకోండి.

గుద్దిన బండికి ఇన్సూరెన్స్ లేకపోతే యజమానే కట్టాలి. ఇక్కడ కూడా ఆలస్యం పనికిరాదు. పోలీసుల దగ్గర ఉన్న ఆ బండిని విడిచిపెట్టే ముందు పూచీకత్తు కట్టించుకోమని కోర్టును అడగొచ్చు. బండి బయటికి వెళ్లిపోయాక అడిగి లాభం లేదు.

వెనక సీటులో కూర్చున్న ఆడవాళ్ల సంగతి విడిగా చెప్పాలి. ఎదుటి బండిది తప్పయితే మీకు హక్కు ఉంది, అందులో అనుమానం లేదు. బండి నడిపిన మీ అన్నదో మీ ఆయనదో తప్పయితే ఆ బండి ఇన్సూరెన్స్ కాగితం చూడాలి. థర్డ్ పార్టీ ఒక్కటే కట్టి ఉంటే వెనక కూర్చున్నవారికి కంపెనీ ఇవ్వదు, ప్యాకేజీ పాలసీ అయితే ఇస్తుంది. తనంతట తాను పడిపోయిన యజమానికి థర్డ్ పార్టీ క్లెయిమ్ రాదు. పాలసీలో 15,00,000 వ్యక్తిగత ప్రమాద బీమా ఉందేమో, లైసెన్సు ఉందేమో చూసుకోండి. హెల్మెట్ లేదు కాబట్టి ఏమీ రాదని ఎవరైనా అంటే నమ్మకండి. కంపెనీ ఆ వాదన చేసి కొంత తగ్గించమని అడగొచ్చు, మొత్తం ఎగ్గొట్టడం కుదరదు. హెల్మెట్ పెట్టుకోవద్దని మాత్రం నేను చెప్పడం లేదు!

ఆసుపత్రి వార్డుల్లో తిరిగే మధ్యవర్తులతో జాగ్రత్త. "ఖర్చంతా మాది, వచ్చినదాంట్లో సగం మాది" అంటారు. వచ్చే డబ్బులో వాటా మాట్లాడుకోవడం లాయర్లకు బార్ కౌన్సిల్ నిబంధనల్లోనే నిషేధం. ఖాళీ కాగితాల మీద, ఖాళీ చెక్కుల మీద సంతకాలు పెట్టకండి. డబ్బు మీ బ్యాంకు ఖాతాలోనే పడాలి.

లోక్ అదాలత్‌లో తొందరగా తేలుతుంది, మంచిదే. కానీ అక్కడి అవార్డు ఆఖరు, పైకి అప్పీలు లేదు. కాబట్టి కాలు ఇంకా మానకముందే, ఇంకో ఆపరేషను ఉందో లేదో తెలియకముందే ఒప్పుకోకండి. వాయిదా అడగండి. అది మీ హక్కు.

వచ్చేటప్పుడు ఆధార్, రైస్ కార్డు, బ్యాంకు పాసుబుక్కు, ఎఫ్ఐఆర్ కాపీ, ఆసుపత్రి కాగితాలు తెచ్చుకోండి. ఆదాయ ధృవపత్రం అవసరమైనవాళ్లు గ్రామ, వార్డు సచివాలయంలో దరఖాస్తు చేసుకోండి. ఏదో ఒకటి లేదని ఆగిపోకండి, ఉన్నవి పట్టుకుని రండి, మిగతావి తర్వాత తెప్పిద్దాం. మనిషి కదల్లేని స్థితిలో ఉంటే ఇంట్లోవాళ్లెవరైనా వచ్చినా సరిపోతుంది. ఆసుపత్రి మంచం పక్కన కూర్చున్నవాళ్లే 15100కు ఫోను చెయ్యండి. ఈలోగా పెద్దమనుషులు కాగితం తెస్తే, "లాయరుగారిని అడిగి చెబుతాం" అని ఒక్క మాట అని పంపించెయ్యండి.