పాత బస్తాలతో ట్రాక్టరుకు ముసుగు

షెడ్డున్న ఆసామికి ఈ మాట అక్కర్లేదు. సొంత జాగా లేని కౌలుదారులం మనం షెడ్డెక్కడ వేస్తాం? మన ట్రాక్టర్లు వేపచెట్టు కిందే ఉంటాయి. ఎండకు సీటు చినుగుతుంది, టైర్లు బీటలు వారతాయి, వానకు వైర్ల కొసలు చిలుం పడతాయి. ఫైనాన్సు కిస్తీ మాత్రం ఆగదు.

అందుకే మేం 45 కిలోల ఖాళీ యూరియా బస్తాలు విప్పి ముసుగు కుట్టుకున్నాం. 20 దాకా పట్టాయి. మొదటిసారి కడక్కుండా కుట్టి చెడ్డాం. అంటుకున్న ఎరువు చెమ్మకు కరిగి బానెట్టు తుప్పెక్కింది. శుభ్రంగా కడగండి. ఆ నీళ్లు మాత్రం పశువుల తొట్టి దగ్గర పారబోయకండి; యూరియా నీళ్లు ఎక్కువ తాగితే గొడ్డు దక్కదు.

బస్తాల పైన పాత ఫ్లెక్సీ వేయండి. ఎన్నికలయ్యాక ఊళ్లో వాటికేం కొదవ! నాయకుడి బొమ్మ లోపలికి, తెల్లవైపు ఎండకు. అడుగున పాత నూలు చీర వేస్తే రంగు గీసుకుపోదు. దబ్బనంతో కుట్టేటప్పుడు పురికొస వద్దు, వానకు కుళ్లిపోతుంది. నైలాను దారమే వాడండి. పైముక్క అంచు కిందిముక్క మీదికి జానెడు దిగాలి, ఇంటి పెంకుల్లాగా.

నేలదాకా మూయకండి, కింద మూరెడు గాలి ఆడాలి. ఇంజను చల్లారాకే కప్పండి. వేడి సైలెన్సరుకు తగిలితే ఫ్లెక్సీ కరిగి అతుక్కుపోతుంది.