ఫార్మాట్‌కు ముందు సేఫ్ మోడ్



జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల్లో మీరు పోసే పాలకు వెన్న శాతం చూసి ధర కడతారు. ఆ లెక్కలున్న పాత కంప్యూటర్ మొరాయిస్తే “ఫార్మాట్ చేయించండి” అనేవారు ఉంటారు. తొందరపడవద్దు. నకలు లేకుండా ఫార్మాట్ చేస్తే సభ్యుల పద్దులు తుడిచిపెట్టుకుపోతాయి.

ముందుగా సేఫ్ మోడ్‌లో తెరిచి చూడండి. విండోస్ ఎక్స్‌పీ, విండోస్ 7 ఉన్న యంత్రాల్లో స్విచ్ వేయగానే, విండోస్ గుర్తు రాకముందే, ఎఫ్8 మీటను పలుమార్లు నొక్కాలి. వచ్చిన జాబితాలో సేఫ్ మోడ్ ఎంచుకోవాలి. అప్పుడు కీబోర్డు, మౌస్, డిస్క్, తెర వంటి వాటికి అత్యవసరమైన డ్రైవర్లే పనిచేస్తాయి. డ్రైవర్ అంటే ఆ పరికరాన్ని కంప్యూటర్ చేత నడిపించే ప్రోగ్రాము.

ఇలా నిలకడగా నడిస్తే, తప్పు చాలావరకు పైనుంచి చేర్చిన డ్రైవర్‌లోనో ప్రోగ్రాములోనో ఉన్నట్టు. మొదట పద్దులను పెన్‌డ్రైవ్‌లోకి నకలు తీయండి. తర్వాత చివరగా చేర్చినదాన్ని, అది ప్రింటర్ డ్రైవర్ కావచ్చు, రెండో యాంటీవైరస్ కావచ్చు, నిలిపివేసి మామూలుగా తెరవండి. ఒక్కసారికి ఒక్కటే మార్చండి. అప్పుడే కారణం తేలుతుంది.

సేఫ్ మోడ్‌లోనూ ఆగిపోతే డిస్క్, మెమరీ లేదా విండోస్ చెడి ఉండవచ్చు. మెకానిక్‌ను పిలవండి, పద్దులు కాపాడాలని ముందే చెప్పండి.

సేఫ్ మోడ్‌లో కాటా, ప్రింటర్ పనిచేయకపోవచ్చు. కనుక ఆ పూట పాల సేకరణను రిజిస్టరులో చేత్తో రాయండి.

ఎక్స్‌పీకి 2014లో, విండోస్ 7కు 2020లో మైక్రోసాఫ్ట్ మద్దతు ముగిసింది. ఆ యంత్రాలను ఇంటర్నెట్‌కు దూరంగా ఉంచండి. యంత్రం పోతే మరొకటి కొనవచ్చు. పద్దు పోతే రైతుకు ఏ లెక్కన చెల్లిస్తాం?