ఉగ్రస్తంభం ఎక్కే ముందు

నంద్యాల నుంచి ఆళ్లగడ్డ మీదుగా ఎగువ అహోబిలం చేరిన వాళ్లలో చాలామంది జ్వాలా నరసింహుణ్ణి చూసి వెనక్కి తిరుగుతారు. ఉగ్రస్తంభం అనే శిఖరం ఇంకా పైన. అక్కడికి రాళ్లూ, చెట్ల వేళ్లే దారి.

తెల్లవారగానే బయలుదేరండి. ఎండెక్కితే నల్లమల బండ పెనంలా కాలుతుంది. కొత్త బూట్లు వద్దు, కాలికి అలవాటైనవే వేసుకోండి. మనిషికి రెండు లీటర్ల నీళ్లు, ఉప్పేసిన మజ్జిగ, చేతికో కర్ర ఉండాలి.

నిటారుగా ఉన్నచోట కర్ర పక్కన పెట్టండి. రెండు చేతులు, రెండు కాళ్లలో మూడు ఎప్పుడూ బండనే అంటి ఉండాలి, నాలుగోదే కదలాలి. పట్టుకోబోయే రాయిని తట్టి చూడండి, డొల్లగా మోగితే నమ్మొద్దు. ఆళ్లగడ్డ శిల్పులకు ఈ సంగతి చెప్పక్కర్లేదు, రాయి పలుకు విన్నాకే ఉలి పడతారు! 2014లో పదమూడేళ్లకే ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ బండలెక్కే తొలి పాఠాలు నేర్చుకున్నది కూడా మన భువనగిరి బండ మీదే.

దిగేటప్పుడు తొందర వద్దు. మోకాళ్లు కాస్త వంచి చిన్న అడుగులు వేయండి. మబ్బు కమ్మితే మాత్రం ఆ రోజుకు ఎక్కడం మానేయండి. వానపడితే భవనాశి వాగు దారి ఇవ్వదు.