చెల్లెలికి కుట్టియిచ్చిన పుస్తకము
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



నేను ఉపన్యాసకుడను కాను. మెట్రిక్యులేషనుతో చదువు చాలించిన రైల్వే గుమాస్తాను. మన కార్యదర్శిగారు మా యింటికి కాఫీకి వచ్చినప్పుడు మా అమ్మ నోట ఈ పుస్తకము సంగతి విని, "అదే సభలో చెప్పవోయ్" అన్నారు. తప్పించుకొనలేకపోయినాను.

మా తండ్రిగారు శ్రీకాకుళము జిల్లానుండి ఖుర్దారోడ్డుకు ఉద్యోగమునకు వచ్చినవారు. ఈ డివిజను 2003 ఏప్రిల్ 1న తూర్పుకోస్తా రైల్వేలో చేరకముందు ఆగ్నేయ రైల్వేలో ఉండేది, ఆ నాటివారు. నాకు పలకమీద తెలుగు దిద్దించినది ఆయనే. 2007లో ఆయన పోయేనాటికి నాకు పద్దెనిమిది, చెల్లికి ఆరు. ఆసుపత్రిలో నాతో చెప్పినవి రెండే మాటలు: అమ్మను చూచుకో, చెల్లికి తెలుగు నేర్పు. మొదటిది చేసినాను. రెండవదానికి రాత్రి డ్యూటీలని, డిపార్టుమెంటు పరీక్షలని, నేడు రేపని, పదహారు సంవత్సరములు గడిపినాను. అది ఒడియా బడిలో చదివి మంచి మార్కులు తెచ్చుకొన్నది. ఇంట్లో తెలుగు గలగల మాట్లాడును. చదువుట మాత్రము రాదు.

2023లో టెక్కలి ప్రాంతమునుండి సంబంధము వచ్చినది. చూపులనాడు కాబోయే అత్తగారు వ్రతకథ పుస్తకము ఒకటి చేతికిచ్చి, "రెండు ముక్కలు చదువమ్మా" అన్నారు. ఆమె తప్పు ఏమియు లేదు, ముచ్చటకే అడిగినారు. చెల్లి పుస్తకమువైపు చూడలేదు, నావైపు చూచినది.

సంబంధము చెడలేదు. కాని ఆ చూపు నన్ను నిద్రపోనీయలేదు. పెండ్లికి ఇంకను నెలన్నర ఉన్నది. బజారులో అక్షరమాలలు లేవా అంటారేమో, ఉన్నవి. అవి పసిపిల్లలకు. ఒడియా వచ్చిన ఇరువది రెండేండ్ల పిల్లకు కావలసినది వేరు. రెండు దస్తాల కాగితము కొన్నాను (ఆఫీసు కాగితము ఒక్కటియు వాడలేదు, మా హెడ్ క్లర్కుగారు ఎదుటనే ఉన్నారు). నాలుగేసి తావులు మడిచి, దబ్బనముతో పొడిచి, మైనము రుద్దిన దారముతో కుట్టినాను. మైదాపిండి ఉడికించి, పురుగు పట్టకుండ చిటికెడు మైలుతుత్తము కలిపి అట్టలు అంటించినాను. మొదటిసారి కుట్టు వంకర పోయినది. విప్పి మరల కుట్టినాను. అట్టపై బట్టకు మా అమ్మ పెట్టె తెరచి, నాన్నగారి ఖాకీ చొక్కా తీసి యిచ్చినది. కత్తెర నేను వేయలేకపోయినాను, అమ్మయే వేసినది. జేబు మాత్రము కోయనీయలేదు. అది అట్టమీద అట్లే ఉన్నది, పెన్సిలు పెట్టుకొనుటకు.

లోపల ప్రతి తెలుగు అక్షరము ప్రక్కను ఒడియా అక్షరము వ్రాసినాను. రెండు లిపులును బ్రాహ్మినుండి వచ్చినవే. అ ఆ ఇ ఈ, క ఖ గ ఘ అను వరుస ఒకటే. కనుక వరుస నేర్పనక్కరలేదు, రూపము చూపితే చాలును. చిక్కు మరొకచోట ఉన్నది. మనకు ఎ, ఏ వేరు. ఒ, ఓ వేరు. ఒడియా లిపిలో ఆ జంటలకు ఒక్కొక్క అక్షరమే. అందుచేత మెడ–మేడ, నెల–నేల, కొన–కోన అని ఎనిమిది పుటలు ప్రత్యేకించి నింపినాను.

అంతటితో ఊరకుంటే బాగుండును. అన్నగారిని కదా! వెనుక పండ్రెండు పుటలు హితవులు వ్రాసినాను. అత్తవారింట ఎట్లు మెలగవలెను, ఎవరితో ఎంత మాట్లాడవలెను, డబ్బు ఎట్లు దాచుకొనవలెను — సుమతీ శతకము వ్రాసిన బద్దెనకైనను అంత ఓపిక ఉండదు. చిట్టచివర స్థలము మిగిలితే ఒక్క పంక్తి: "ఎప్పుడు రావాలనిపిస్తే అప్పుడు రా. ఎవరిని అడగవద్దు."

అప్పగింతలనాడు ఒడిలో పెట్టినాను.

దసరాకు చూడబోయినాను. అక్షరముల పుటలు పసుపు చేతుల మరకలతో నల్లబడియున్నవి. ఖాళీ పుటలలో పాలలెక్క, సరుకుల జాబితాలు, మొదట కోడిగీతలు, తరువాత కొంత కుదురు. హితవుల పుటలు మాత్రము తెల్లగా మెరయుచున్నవి.

"ఇవి చదవలేదా అమ్మా?" అన్నాను.

"ఎలా చదవను అన్నయ్యా? తెలుగు రానిదానికి తెలుగులోనే రాసిచ్చావు. కూడబలుక్కుని చదవడం వచ్చేసరికి అవన్నీ నాకే తెలిసిపోయాయి" అని నవ్వినది. అత్తగారును నవ్వినారు. నేనును నవ్వవలసివచ్చినది.

బయలుదేరునప్పుడు వీధి అరుగుదాక వచ్చి మెల్లగా అన్నది: "ఆఖరు వాక్యం మాత్రం మొదటే చదివాను. చిన్నదిగా ఉందని. నాలుగు రోజులు పట్టింది."

మొన్న ఉగాదికి ముందు దానియొద్దనుండి ఉత్తరము వచ్చినది, తెలుగులో. "వచ్చే నేలలో వస్తున్నాను" అని వ్రాసినది. తిరిగి జవాబు వ్రాసినాను గాని, ఆ ఏత్వము దిద్దలేదు.

మన కాలనీలో ఇటువంటి పిల్లలు ఇంకను ఉన్నారు. దబ్బనము, దారము మా యింట ఉన్నవి. ఆదివారము ఉదయము నాకు డ్యూటీ లేదు. వచ్చువారు కాగితము తెచ్చుకొనవలెను.