పిల్లాడు మారిపోయాడంటే



వైద్యం కోసం పిల్లల్ని నా దగ్గరికి తెచ్చే తల్లిదండ్రుల్ని మొదట అడిగేది ఒకటే. "ఎప్పట్నుంచి ఇలా ఉన్నాడమ్మా?" "ఈమధ్యే బాబూ, నెల్లాళ్లయింది" అంటారు. కూర్చోబెట్టి నిదానంగా అడిగితే లెక్క మారుతుంది. పదో తరగతి అప్పట్నుంచే నిద్ర సరిగా లేదు. స్నేహితులొస్తే లేనని చెప్పమనేవాడు. హాస్టల్ నుంచి రెండుసార్లు వచ్చేస్తే తిట్టి మళ్లీ దింపి వచ్చాం. అన్నం పళ్లెం గదిలోకి పట్టుకుపోతున్నాడు. ఇలా వేళ్లు మడుచుకుంటూ పోతే రెండేళ్లు, మూడేళ్లు తేలతాయి. పోయిన ఆ రెండు మూడేళ్ల గురించి మాట్లాడదామనే ఈ సాయంత్రం మీ ఉపమాక వచ్చాను.

షుగరు, బీపీ వయసు మళ్లాక వస్తాయని అనుకోవడం మనకు అలవాటు. మనసు జబ్బులు అలా కాదు. వాటిలో సగం పద్నాలుగేళ్లలోపే మొదలవుతాయి, ముప్పాతిక వంతు 24 ఏళ్లలోపే. ఆలోచించి అడుగు వేయించే మెదడు భాగం నుదుటి వెనక ఉంటుంది. అది పాతికేళ్ల దాకా తయారవుతూనే ఉంటుంది. ఆ తయారీ జరుగుతున్న వయసులోనే ఈ జబ్బులూ దిగుతాయి. బెంగళూరు నిమ్హాన్స్ 2015-16లో చేసిన జాతీయ సర్వేలో 13 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో నూటికి ఏడుగురికి పైగా ఏదో ఒక మానసిక సమస్య కనిపించింది. నలభై మంది ఉన్న తరగతి గదిలో ముగ్గురన్నమాట. ఆ ముగ్గురికీ మనం పెట్టే పేర్లు వేరు. బద్ధకం, పొగరు, సెల్‌ఫోన్ పిచ్చి.

దిగులు జబ్బు అంటే ఏడుస్తూ కూర్చోవడమే అనుకుంటాం. ఈ వయసులో అది చాలాసార్లు చిరాకుగా, కసురుకోవడంగా బయటపడుతుంది. ఒక్కోసారి కడుపునొప్పిగా వస్తుంది. నేను కొత్తగా డాక్టరైన రోజుల్లో ఒక ఇంటర్ పిల్ల తలనొప్పి, కడుపునొప్పి అంటూ మూడుసార్లు వచ్చింది. పరీక్షలన్నీ బాగున్నాయి, ఏమీ లేదని పంపించేశాను. "నీ మనసెలా ఉందమ్మా" అని ఒక్కసారీ అడగలేదు. నాలుగోసారి అర్ధరాత్రి ఎమర్జెన్సీకి తెచ్చారు. బతికింది. ఆనాటి నుంచి అడగకుండా ఏ పిల్లనూ పంపలేదు.

మీరూ అడగండి. "చచ్చిపోవాలనిపిస్తోందా నాన్నా" అని సూటిగానే అడగండి. అలా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని భయపడతారు. పుట్టదు. లోపల ఒంటరిగా మోస్తున్నది ఇంకొకరితో చెప్పుకునే దారి దొరుకుతుంది. అవునంటే తిట్టకండి, ఒట్టు వేయించుకోకండి, ఒంటరిగా వదలకండి, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకురండి. పోలీసు కేసవుతుందని దాచేవాళ్లున్నారు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు, వైద్యం అందించాలి.

ఇంకో జబ్బుంది, స్కిజోఫ్రేనియా. ఎక్కువగా పదహారు, పదిహేడు దాటాక మొదలవుతుంది. ఒక కుర్రాడి సంగతి చెప్తాను. పేరు, ఊరు చెప్పను, ఈ మండలం కాదు. పాలిటెక్నిక్ చదివేవాడు. బస్సులో అందరూ తన గురించే మాట్లాడుతున్నారనేవాడు. తనలో తాను నవ్వుకునేవాడు. ఎవరో చిల్లంగి పెట్టారని ఇంట్లోవాళ్లన్నారు, తాయెత్తు కట్టించారు, తర్వాత పెళ్లి చేస్తే కుదురుకుంటాడన్నారు. పెళ్లి మందు కాదు. పెళ్లి మాట ఎత్తేటప్పుడు, ఎవరింటి ఆడపిల్ల బతుకును పణంగా పెడుతున్నామో ఆలోచించాలి. నా దగ్గరికి వచ్చేసరికి మూడేళ్లు. మందులతో అతనొక్కడికే వినిపించే గొంతులు ఆగాయి, ఇప్పుడు పని చేసుకుంటున్నాడు. డిప్లొమా మాత్రం పోయింది. మొదటి ఏడాదే తెచ్చుంటే పోయేది కాదని నా నమ్మకం, ఎందుకంటే ఈ జబ్బుకు వైద్యం ఎంత ఆలస్యమైతే కోలుకోవడం అంత కష్టం.

మీ ఊళ్లో గరుడాద్రి కొండ మీది స్వామికి మొక్కుకోండి. మొక్కు మానమని నేననను. మొక్కుతో పాటు ఆసుపత్రి కూడా ఉండాలంటాను. 2001 ఆగస్టు 6న తమిళనాడు ఎర్వాడిలో ఏం జరిగిందో చాలామంది మరచిపోయారు. నయమవుతుందని దర్గా దగ్గరికి తెచ్చి, ఒక ఆశ్రమంలో గొలుసులతో కట్టి ఉంచిన మనుషులు. పాకకు నిప్పంటుకుంటే పారిపోలేక 28 మంది కాలిపోయారు. తెచ్చినవాళ్లు చాలామంది ప్రేమతోనే తెచ్చారు, ఇంకెక్కడికి వెళ్లాలో తెలియక. మనకు విశాఖ చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక ఆసుపత్రి ఉంది. దాని పేరునే తిట్టుగా వాడుకుంటున్నాం. ఆ వెటకారం విన్న పిల్లాడు తనకు గొంతులు వినిపిస్తున్నాయని మీతో చెప్తాడా?

ఇక చదువుల సంగతి. 2023 ఏప్రిల్‌లో మన రాష్ట్రంలో ఇంటర్ ఫలితాలొచ్చిన రెండు రోజుల్లోనే తొమ్మిది మంది పిల్లలు ప్రాణాలు తీసుకున్నారని పత్రికలు రాశాయి. అదే ఏడాది జులైలో విశాఖలో నీట్‌కు చదువుతున్న పదిహేడేళ్ల అమ్మాయి, బెంగాల్ నుంచి వచ్చిన పిల్ల, చనిపోయింది. ఆ తండ్రి సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు. 2025 జులై 25న కోర్టు దర్యాప్తును సీబీఐకి అప్పగిస్తూ, దేశం మొత్తానికీ మార్గదర్శకాలిచ్చింది. వంద మంది, అంతకు మించి పిల్లలున్న ప్రతి విద్యాసంస్థలో అర్హత ఉన్న కౌన్సెలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో ఉండాలి. మార్కుల్ని బట్టి పిల్లల్ని బ్యాచులుగా విడదీయకూడదు, నలుగురిలో అవమానించకూడదు. మీరు ఫీజు కట్టడానికి వెళ్లినప్పుడు మెస్సు ఎలా ఉందో అడుగుతారు కదా, కౌన్సెలర్ ఎక్కడ కూర్చుంటారో కూడా అడగండి. గది చూపించమనండి. మార్కులు తగ్గినందుకే పిల్లలు చనిపోతున్నారని నేననను. అప్పటికే లోపల దిగులు జబ్బు ఉన్న పిల్లకు ఫలితాల రోజు మోయలేని రోజు అవుతుంది. ఆ దిగులును నెలల ముందే పట్టుకునే వీలుంటుంది.

మందులు అలవాటైపోతాయా అని తప్పకుండా అడుగుతారు. దిగులు మందులు మత్తుమందులు కావు. పనిచేయడానికి రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. వారానికే ఫలితం లేదని మానేయకండి, బాగుందనిపించగానే మీ అంతట మీరు మానేయకండి. కొందరికి మాటల వైద్యమే సరిపోతుంది, మందు బిళ్ల అవసరమే ఉండదు.

నిద్ర, తిండి, స్నేహాలు, చదువు. వీటిలో రెండు మూడు మారి, ఆ మార్పు రెండు వారాలు దాటితే చూపించండి. చనిపోవాలన్న మాట వస్తే మాత్రం ఒక్కరోజు కూడా ఆగకండి. బయల్దేరే లోపు మాట్లాడాలంటే 14416 నంబరుంది, టెలిమానస్. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో పెట్టింది. డబ్బులక్కర్లేదు, రాత్రీపగలూ పలుకుతుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు. పిల్లలూ, మీరు ఇంట్లో ఎవరికీ చెప్పకుండానే చేయొచ్చు. ఫోన్లు తీసి ఇప్పుడే ఎక్కించుకోండి, నేను ఆగుతాను.

ఇక్కడ మైకులో అడగడం ఇబ్బందైతే అడగొద్దు. సభ అయ్యాక ఆ వేపచెట్టు కింద కుర్చీ వేయించాను. ఆఖరి మనిషి వెళ్లేదాకా అక్కడే ఉంటాను.